రైతుకు ఫోన్ చేస్తే ఏం తెలుస్తుంది?

2018 మే నెల. దుక్కులు దున్నుకుని పత్తి రైతు మొదటి వాన కోసం ఆకాశం వైపు చూసే కాలం. వరంగల్–ఖమ్మం రోడ్డు మీది వర్ధన్నపేటలో, ఆకేరు వాగు పక్క పల్లెల్లో, ఆ మాటకొస్తే తెలంగాణ అంతటా అప్పుడు ఒకటే ముచ్చట: చెక్కు వచ్చిందా? అది రైతుబంధు మొదటి విడత. మే 10న హుజూరాబాద్ మండలంలో పథకాన్ని ప్రారంభించారు. ఎకరాకు 4,000 రూపాయల చొప్పున చెక్కు, దానితో పాటు కొత్త పట్టాదారు పాస్ పుస్తకం. గ్రామసభలో పేరు పిలుస్తారు, ఆధార్ చూస్తారు, సంతకం తీసుకుంటారు. ఆ కాగితం పట్టుకుని రైతు బ్యాంకుకు పోయి డబ్బు తెచ్చుకోవాలి. మొత్తం 57 లక్షల మంది రైతులు, అయిదు వేల కోట్ల రూపాయలకు పైగా సొమ్ము, పంచడానికి కొద్ది వారాల గడువు.

ఇంత పెద్ద పంపకంలో కొందరికి అందకపోవడం మామూలే. పాస్ పుస్తకంలో తప్పు పడినవారు, హైదరాబాద్‌లో కూలికి పోయి గ్రామసభ నాటికి రాలేకపోయినవారు, పట్టాదారు చనిపోయి విరాసత్ కాని కుటుంబాలు... ఇలా కారణాలు బోలెడు. అసలు చిక్కు వేరే ఉంది. వర్ధన్నపేట మండలంలో చెక్కులు చకచకా పంచేశారనీ, పక్కనున్న పర్వతగిరిలో ఆలస్యమైందనీ అనుకుందాం. కలెక్టరేట్ సమీక్షలో మొదటి అధికారికి మెచ్చుకోలు, రెండో ఆయనకు చీవాట్లు పడతాయి. కానీ తేడా అధికారులదేనా? రెండో మండలంలో భూతగాదాలు ఎక్కువేమో, బ్యాంకు దూరమేమో, పట్టాదారుల్లో సగం మంది ఊళ్లోనే ఉండరేమో. పోనీ, చీవాట్లు పడ్డాక రెండో వారంలో అక్కడా పంపిణీ ఊపందుకుంది. అది చీవాట్ల పుణ్యమా, లేక మొదటి వారం ఊళ్లో లేనివాళ్లు రెండో వారంలో తిరిగి రావడం వల్లా?

ప్రభుత్వం దగ్గర డేటాకు కొదవ లేదు. ఏ చెక్కు ఏ రోజు మారిందో బ్యాంకు కంప్యూటర్లలో ఉంది. అయినా ఆ లెక్కలన్నీ ముందేసుకుని కూర్చున్నా ఈ చిన్న ప్రశ్నకు జవాబు దొరకదు. ఎందుకు దొరకదో, దొరకాలంటే ఏం చేయాలో చెప్పే విద్య విశ్వవిద్యాలయాల్లో ఉంది. దాన్ని సరిగ్గా రైతుబంధు మొదటి విడతలోనే, మన రాష్ట్రంలోనే వాడి చూశారు.

మందు కొట్టని సాళ్లు

పత్తికి పచ్చదోమ పట్టింది. రైతు చేనంతా మందు కొట్టాడు. వారానికి దోమ తగ్గింది. అదే వారంలో ముసురు విడిచి ఎండ కాసింది కూడా. మందు పనిచేసిందా, ఎండ పనిచేసిందా? చేనంతా కొట్టేశాడు కనుక ఇక ఎప్పటికీ తెలియదు. నాలుగు సాళ్లు కొట్టకుండా వదిలేస్తే తెలిసేది. అయితే ఆ నాలుగూ గట్టు పక్కన చౌడు నేలలో ఉన్నవైతే లాభం లేదు. ఏ సాళ్లు వదలాలన్నది రైతు ఇష్టానికి కాక చీట్లకు వదిలేయాలి. అప్పుడే నేల మంచిచెడ్డలు, నీడ, తేమ, ఎవరికీ తట్టని ఇతర తేడాలు రెండు వైపులా ఇంచుమించు సమంగా పంచుకుపోతాయి. మిగిలిన తేడా మందుదే.

ఈ పద్ధతి పుట్టింది కూడా పొలాల్లోనే. ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో 1920లలో పనిచేసిన రోనాల్డ్ ఫిషర్ ఎరువుల ప్రయోగాల కోసం దీన్ని శాస్త్రంగా మలిచాడు. ఆ ఫిషర్ దగ్గరే కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేసినవాడు మన సి.ఆర్. రావు. తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, గణాంక శాస్త్రంలో ప్రపంచ స్థాయికి ఎదిగిన ఆయన 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకుని, అదే ఏడాది 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. డేటా సైన్స్ అని ఇవాళ కొత్త పేరుతో పిలుస్తున్న దానికి పునాది రాళ్లలో కొన్ని ఆయన వేసినవే. ఎందుకో మన పాఠ్యపుస్తకాలు ఆయన్ని తగినంత గుర్తు పెట్టుకోలేదు.

పొలాల నుంచి ఈ పద్ధతి ఆస్పత్రులకు వెళ్లింది. కొత్త మందును చీటీ వేసి కొందరు రోగులకిచ్చి, మిగతావారితో పోల్చడం అలా మొదలైంది. గత పాతికేళ్లలో పథకాల దాకా వచ్చింది. 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ క్రెమర్‌లకు అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది ఈ పనికే.

చెప్పింది ఒక్క మాట

రైతుబంధు విషయంలో ఈ పని చేసినవారు నలుగురు: కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్, జెఫ్రీ వీవర్. నలుగురూ అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఆర్థికవేత్తలు. తెలంగాణ ప్రభుత్వంతో కలిసి వాళ్లు చేసింది వినడానికి చాలా చిన్న పని. చీటీ వేసి కొన్ని మండలాలను ఎంచారు. ఆ మండలాల వ్యవసాయ అధికారులకు ఒక కబురు పంపారు: మీ దగ్గర చెక్కుల పంపిణీ ఎలా సాగుతోందో రైతులకు ఫోన్ చేసి తెలుసుకుంటాం. మిగతా మండలాలకు ఆ కబురు లేదు. చెక్కులు, గ్రామసభలు, సిబ్బంది, గడువు అన్నీ రెండు చోట్లా ఒకటే.

వర్ధన్నపేట ఏ జాబితాలో పడిందన్న కుతూహలం సహజమే గానీ, ఆ లెక్కలో దానికి విలువ లేదు. చీటీ అంటేనే అది: ఏ మండలమైనా ఎటైనా పడి ఉండవచ్చు. ఫలానా మండలాధికారి చురుకైనవాడు కనుక ఎంచారన్న మాటకు తావు లేదు. పైవాళ్ల సిఫారసుకు అంతకన్నా లేదు.

ఫలితం: కబురు అందిన మండలాల్లో, డబ్బు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. అంటే కబురు లేని చోట వంద మంది రైతులు డబ్బు అందక మిగిలితే, కబురు ఉన్న చోట సుమారు 92 మంది మిగిలారు. రైతుకు అదనంగా చేరిన ప్రతి వంద రూపాయలకూ ఈ ఫోన్ల ఏర్పాటు ఖర్చు 3 రూపాయల 60 పైసలు.

ఇంతేనా అనిపిస్తుంది. మొదటిసారి చదివినప్పుడు నాకూ అంతే అనిపించింది. కానీ దీన్ని రెండు వైపుల నుంచీ చూడాలి. 57 లక్షల మందిలో అందనివారు లక్షల్లోనే ఉంటారు, అందులో 7.8 శాతం అంటే వేల కుటుంబాల ఖరీఫ్ పెట్టుబడి. మరో వైపు, ఇంత సన్నని తేడా పది మండలాలు చూస్తే కంటికి ఆనదు. మండలానికీ మండలానికీ మామూలుగా ఉండే ఎగుడుదిగుళ్లలో కలిసిపోతుంది. పెద్ద సంఖ్యలో మండలాలు, లక్షల చెక్కుల లెక్క ఉంటేనే అది నిజమైన తేడానా, కాకతాళీయమా అన్నది తేలుతుంది. డేటా పెద్దదైతే లాభం ఇక్కడే. ముందు పోలిక సరిగ్గా కుదరాలి. కుదిరాక, డేటా ఎంత ఎక్కువైతే అంత సన్నని నిజం కూడా పట్టుబడుతుంది.

ఇంకో సంగతి. ఫోన్ చేస్తే రైతు చెప్పేది విని ప్రభుత్వం ఏదో చేసిందని కాదు, ఫోన్ వెళ్తుందని తెలియడమే అధికారిని కదిలించింది. రైతు దగ్గరికి కాగితం చేరిందా లేదా అన్నది ఆ అధికారి పంపే నివేదికలోంచి కాకుండా రైతు నోటి నుంచే పైకి వెళ్తుందన్నమాట.

బాక్స్: ఎంతమందిని అడిగితే చాలు?

ఇన్ని లక్షల మందిలో కొన్ని వేల మందికి ఫోన్ చేస్తే సంగతి ఎలా తెలుస్తుందన్నది చాలామంది అనుమానం. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి గిన్నెంతా తినరు కదా అని సామెత చెప్పి ఊరుకోవచ్చు గానీ, అంకెలు చూస్తే ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. చీటీ పద్ధతిలో ఎంచిన వెయ్యి మందిని అడిగితే వచ్చే శాతం, అసలు శాతానికి సాధారణంగా అటూ ఇటూ మూడు శాతం లోపే ఉంటుంది. ఆ వెయ్యి మందిని వర్ధన్నపేట నియోజకవర్గం నుంచి తీసినా, దేశం మొత్తం నుంచి తీసినా దాదాపు అదే కచ్చితత్వం. జనాభా ఎంతన్నది లెక్కలోకి పెద్దగా రాదు.

షరతు ఒకటే, అది మాత్రం కఠినమైనది. ఎవరిని అడగాలో చీటీయే చెప్పాలి. ఊరి పెద్ద ఇచ్చిన పేర్లు, ఆఫీసు ముందు కనిపించినవాళ్లు, ఫోన్ ఎత్తినవాళ్లు మాత్రమే లెక్కలోకి వస్తే పది లక్షల మందిని అడిగినా తప్పు జవాబే వస్తుంది. తప్పు ఎంత గట్టిగా వస్తుందంటే, సంఖ్య పెద్దది కనుక అందరూ నమ్ముతారు.

గట్టిగా మాట్లాడేవాళ్లు, మాట్లాడనివాళ్లు

అదే బృందంలోని మొదటి ముగ్గురూ అంతకు ముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన అధ్యయనం ఇంకా పెద్దది. దాని కథ విధాన నిర్ణయాలు ఎలా జరుగుతాయో బాగా చూపిస్తుంది.

ఉపాధి హామీ కూలి, పింఛన్లు అప్పట్లో చాలాచోట్ల పోస్టాఫీసుల ద్వారా వచ్చేవి. డబ్బు వచ్చిందో లేదో తెలియదు, రెండుమూడు సార్లు తిరగాలి. మస్టర్‌లో ఆరు రోజులు పడితే చేతికి నాలుగు రోజులవే రావచ్చు. ప్రభుత్వం వేలిముద్రతో పనిచేసే స్మార్ట్ కార్డులు తెచ్చి, ఊళ్లోనే ఒక మహిళ యంత్రంతో కూర్చుని డబ్బు ఇచ్చే ఏర్పాటు మొదలుపెట్టింది. ఆదిలాబాద్, ఖమ్మం, నల్లగొండ, అనంతపురం, కడప, కర్నూలు, నెల్లూరు, విజయనగరం జిల్లాల్లో ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తర్వాత ఇవ్వాలన్నది చీటీ వేసి నిర్ణయించారు. 157 మండలాల పోలిక, 1.9 కోట్ల జనాభా.

ఎలాగూ అన్ని మండలాలకూ ఒకేసారి ఇవ్వలేరు. ఎవరో ఒకరు ఆగాలి. ఎమ్మెల్యే ఒత్తిడితోనో అక్షరక్రమంతోనో కాకుండా చీటీతో ఆ వరుస తేల్చడమే ప్రయోగం. ఎవరికీ అన్యాయం జరగలేదు, చీటీ వేయడానికి పైసా అదనంగా ఖర్చు కాలేదు. ఏ ప్రభుత్వమైనా విడతలవారీగా తెచ్చే ప్రతి పథకంలోనూ ఈ అవకాశం ఉంటుంది, దాదాపు ప్రతిసారీ జారిపోతుంది.

రెండేళ్ల తర్వాత ఇళ్లకు వెళ్లి కూలీలను అడిగారు, ఆ జవాబులను ప్రభుత్వ లెక్కలతో సరిచూశారు. కార్డులు వచ్చిన మండలాల్లో కూలి తీసుకోవడానికి పట్టే సమయం ప్రతిసారీ 22 నిమిషాలు తగ్గింది. డబ్బు చేతికి రావడంలో ఆలస్యం 29 శాతం తగ్గింది. ఉపాధి హామీ కింద కుటుంబానికి అందిన మొత్తం 24 శాతం పెరిగింది, అదీ ప్రభుత్వ ఖర్చు పెరగకుండానే. అంటే మధ్యలో జారిపోయే డబ్బు 41 శాతం తగ్గింది. గమనించాల్సిందేమిటంటే, అప్పటికి ఆ మండలాల్లో సగం చెల్లింపులే కార్డుల మీదికి మారాయి. అరకొరగా అమలైనా ఈ ఫలితం.

2013లో ప్రభుత్వం ఈ కార్డులను ఎత్తేసేదాకా వచ్చింది. కింది నుంచి వచ్చే సమాచారమంతా వ్యతిరేకమే: యంత్రం పనిచేయదు, వేలిముద్ర పడదు, జనానికి ఇబ్బంది. అందులో అబద్ధం లేకపోవచ్చు. అయితే ఆ మాట చేరవేసేవాళ్లలో పాత పద్ధతి పోవడం వల్ల చేతివాటం పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. లాభపడిన కూలీలు లక్షల్లో ఉన్నా ఒక్కొక్కరికీ పెరిగింది కొద్దికొద్దిగా, వాళ్లెవరూ మంత్రి దాకా వచ్చి థాంక్స్ చెప్పరు. సర్వేలో అడిగితే మాత్రం కార్డు వాడిన కూలీల్లో, పింఛనుదారుల్లో 90 శాతం మందికి పైగా పాత పద్ధతి కన్నా ఇదే నయమన్నారు. పథకం కొనసాగడానికి ఆ లెక్క ఒక కారణమైంది. పరిశోధన పత్రం అచ్చయింది 2016లో. నిర్ణయానికి పనికొచ్చిన అంకె దానికి మూడేళ్ల ముందే అధికారుల చేతికి చేరింది. పత్రిక కోసం ఆగి ఉంటే అప్పటికి ఎత్తేయడానికి కార్డులు ఉండేవి కావు.

తర్వాత ఇదే డేటాను ఇంకా లోతుగా చూస్తే మరో విశేషం బయటపడింది. పేద కుటుంబాల ఆదాయం 14 శాతం పెరిగింది, అందులో 86 శాతం ఉపాధి హామీ నుంచి కాదు, బయటి కూలి నుంచి. సర్కారు పని డబ్బు సరిగ్గా వస్తుంటే, ఆసామి కూడా కూలి పెంచక తప్పదు. ఒక్కో మనిషికి చీటీ వేసి పోల్చి ఉంటే ఇది కనిపించేదే కాదు. ఎందుకంటే కార్డు లేని పక్కింటి కూలీకి కూడా ఆ పెరిగిన కూలే అందుతుంది. మండలాన్ని మండలంతో పోల్చారు కనుకే కనిపించింది.

250 ఊళ్ల నుంచి 3.8 కోట్ల ఫోన్లకు

వర్ధన్నపేట వైపు పత్తి వేసే రైతుకు జూన్‌లో మొదటి జూదం విత్తడమే. 60 మిల్లీమీటర్లకు పైగా వాన పడి నేల బాగా తడిశాకే విత్తండని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏటా చెబుతారు. ఏటా తొలకరికే విత్తేవాళ్లు విత్తుతారు. తర్వాత పదిహేను రోజులు వాన మొహం చాటేస్తే, 2025లో ఒక్కోటి 901 రూపాయలు పెట్టి కొన్న విత్తన ప్యాకెట్లు మట్టిలోనే మాడిపోతాయి. మళ్లీ కొనాలి, మళ్లీ కూలి పెట్టాలి.

రుతుపవనాలు ఎప్పుడొస్తాయో నెల ముందే చెబితే రైతు ఏం చేస్తాడు? షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఫియోనా బర్లిగ్, అమీర్ జినా తదితరులు 2022 ఖరీఫ్‌లో తెలంగాణలోని 250 గ్రామాల్లో దీన్ని చీటీ పద్ధతిలో పరీక్షించారు. వాన మృగశిరలో వస్తుందా, ఆరుద్ర దాకా ఆగుతుందా అన్న అంచనా ప్రతి రైతుకూ ఉంటుంది. ముందు ఆ అంచనాలు రాసుకుని, తర్వాత ముందస్తు సూచన ఇచ్చారు. తాను అనుకున్నదాని కన్నా వాన ఆలస్యమని విన్నవాళ్లు సాగు తగ్గించుకున్నారు. త్వరగా వస్తుందని విన్నవాళ్లు పెట్టుబడి పెంచారు. ఒకే కబురు ఇద్దరి చేత రెండు రకాల పనులు చేయించింది. అందరినీ కలిపి సగటు తీసి ఉంటే ఒకటి కింద, ఒకటి పైన కొట్టుకుపోయి, సూచన వల్ల ఏమీ జరగలేదని తేలేది.

2025 ఖరీఫ్‌లో కేంద్ర వ్యవసాయ శాఖ 13 రాష్ట్రాల్లో దాదాపు 3.8 కోట్ల మంది రైతులకు, కృత్రిమ మేధతో తయారైన రుతుపవనాల సూచనను ఎస్సెమ్మెస్ రూపంలో పంపింది. ఆ ఏడాది రుతుపవనాలు తొందరగా వచ్చి, మధ్యలో ఇరవై రోజుల పాటు కదలకుండా ఆగిపోయాయి. ఆ ఆగడాన్ని సూచన ముందే పట్టుకుంది.

అదే వేలిముద్ర, వేరే రాష్ట్రం

ఒకచోట నెగ్గింది ఇంకోచోట నెగ్గుతుందా? స్మార్ట్ కార్డు ఫలితాలు చూసి వేలిముద్ర పెడితే చాలు అవినీతి పోతుందనుకుంటే పొరపాటు. మళ్లీ ఆ ముగ్గురు ఆర్థికవేత్తలే జార్ఖండ్‌లో రేషన్ బియ్యానికి ఆధార్ వేలిముద్ర పెట్టినప్పుడు అధ్యయనం చేశారు. అక్కడ దొంగతనం తగ్గలేదు. బియ్యం తెచ్చుకోవడానికి ప్రజలకయ్యే ఖర్చు మాత్రం 17 శాతం పెరిగింది. ఆధార్ జోడించుకోని 23 శాతం మందికి అందే సరుకు విలువ పదో వంతు తగ్గింది, వాళ్లలో 2.8 శాతం మందికి ఏమీ అందలేదు.

యంత్రం ఒకటే కదా, తేడా ఎక్కడ? ఇక్కడ కూలి డబ్బును పోస్టాఫీసు నుంచి ఊళ్లోకి తెచ్చారు, ఇచ్చే మనిషినే మార్చారు. కార్డు లేనివారికి డబ్బు ఆపలేదు. అక్కడ డీలర్ పాతవాడే, దుకాణం పాతదే. మధ్యలో ఒక అడ్డంకి మాత్రం కొత్తగా వచ్చింది. జనం పని సులువు చేయడానికి పెట్టారా, జనాన్ని వడపోయడానికి పెట్టారా అన్నదాన్ని బట్టి ఒకే సాంకేతికత రెండు రకాలుగా పనిచేసింది.

మల్లయ్యలు, సమ్మయ్యలు

వడపోత అనగానే మన ఇంటి కథ ఒకటి చెప్పాలి. 2014 ఆగస్టు 19న తెలంగాణ ఒక్క రోజులో సమగ్ర కుటుంబ సర్వే చేసింది. తర్వాత వేర్వేరు శాఖల రికార్డులను కలిపి చూసే ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థను నిర్మించుకుంది. రేషన్ జాబితాలోని మనిషి, రవాణా శాఖలో కారున్న మనిషి, కరెంటు కనెక్షన్ ఉన్న మనిషి ఒకరేనా అని యంత్రం తేలుస్తుంది.

పని వినడానికి సులువు. కానీ వర్ధన్నపేట చుట్టుపక్కల పేర్లు చూడండి. ఐనవోలు మల్లన్న, కొమురవెల్లి మల్లన్న, మేడారం సమ్మక్క–సారలమ్మల పేరు పిల్లలకు పెట్టుకునే సీమ ఇది. ఒక్కో ఊళ్లో ఎందరు మల్లయ్యలు, కొమురయ్యలు, సమ్మయ్యలు, సారయ్యలు! ఒక రికార్డులో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో పొడి అక్షరం. ఒకచోట ‘కొమరయ్య’, మరోచోట ‘కొమురయ్య’. పుట్టిన తేదీ తెలియనివాళ్లందరికీ జనవరి 1. ఇద్దరూ ఒకరే అని యంత్రం ఎన్నడూ కచ్చితంగా చెప్పలేదు. పేరు ఎంత దగ్గరగా ఉంది, వయసు ఎంత కలుస్తోంది, ఊరు అదేనా అని చూసి మార్కులు వేస్తుంది. ఎన్ని మార్కులు దాటితే ‘ఒకరే’ అనుకోవాలన్న గీత మనిషే గీయాలి. గీత కిందికి దించితే కారుండి రేషన్ తీసుకునేవాళ్లు ఎక్కువమంది దొరుకుతారు, వాళ్లతో పాటు కారు మొహం చూడని మల్లయ్యలూ దొరికిపోతారు. పైకి జరిపితే అమాయకులు తప్పించుకుంటారు, అనర్హులూ తప్పించుకుంటారు.

ఏ గణితమూ ఈ గీత ఎక్కడ ఉండాలో చెప్పదు. అనర్హుడికి నెలకు మనిషికి ఆరు కిలోల బియ్యం పోవడం ఎంత నష్టం, అర్హుడైన ముసలామెకు ఆ ఆరు కిలోలు ఆగిపోవడం ఎంత నష్టం? ఈ తూకం వేయాల్సింది ప్రభుత్వం, అదీ నలుగురికీ తెలిసేలా. తెలంగాణలో 90 లక్షల కార్డులున్నాయనుకుంటే ఒక్క శాతం పొరపాటు 90 వేల కుటుంబాలు. పరీక్షలో 99 మార్కులు వచ్చినట్టు మురిసిపోవడానికి ఇక్కడ వీల్లేదు.

2016లో రాష్ట్రంలో సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. ఇంటికొచ్చి విచారించకుండా కంప్యూటర్ లెక్కతో తీసేశారన్న ఫిర్యాదు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. ఆరేళ్ల తర్వాత చేయమన్న ఆ పరిశీలననే ముందు చేసి ఉండవచ్చు. యంత్రం అనుమానించిన పేర్లలో చీటీ వేసి ఓ వెయ్యి తీసి, ఇళ్లకు మనిషిని పంపి చూస్తే, వందకు ఎన్ని తప్పులో వారం రోజుల్లో తేలేది. ఎంఎస్సీ స్టాటిస్టిక్స్ విద్యార్థి చేయగల లెక్క అది.

బాక్స్: ముప్పై కిలోమీటర్ల దూరం

వర్ధన్నపేట నుంచి కాకతీయ విశ్వవిద్యాలయం, వరంగల్ ఎన్ఐటీ రెండూ గంట ప్రయాణం లోపే. కానీ మన జిల్లా పథకాల మీద లెక్కలు తరచూ శాన్‌డియాగో, షికాగోల నుంచి వస్తున్నాయి. ఇక్కడ తెలివికి లోటని కాదు. డేటా ఇవ్వమని అడగడానికి పలుకుబడి కావాలి, ఇళ్లకు వెళ్లి అడగడానికి డబ్బు కావాలి. తెలంగాణ 2016లోనే ఓపెన్ డేటా విధానం ప్రకటించింది. వాతావరణం, వ్యవసాయ కరెంటు వాడకం వంటి వివరాలు ప్రభుత్వ ఓపెన్ డేటా పోర్టల్‌లో దొరుకుతాయి. దాని వల్ల కొంత పని జరుగుతుంది. అయితే పథకం ఫలానా చోట పనిచేసిందా అని తేల్చడానికి కావలసింది అమలుకు ముందే వేసిన చీటీ. అది పోర్టల్‌లో దొరకదు. కలెక్టర్, ప్రొఫెసర్ ఒక బల్ల దగ్గర ముందే కూర్చోవాలి.

జాబితాలో లేనివాడు

రైతుబంధు ఫోన్ల అధ్యయనానికి ఆయుష్షు తక్కువ. అదే ఏడాది యాసంగికి ఎన్నికలొచ్చాయి. చెక్కుల పంపిణీ ఆగి డబ్బు నేరుగా ఖాతాల్లో పడింది. పరిశోధన 2021లో అచ్చయ్యే నాటికి పంచడానికి చెక్కులే లేవు. ఇప్పుడు పథకం పేరు రైతుభరోసా. 2025 జనవరి 26 నుంచి ఎకరాకు సీజనుకు 6,000 రూపాయలు. చెక్కు కథ ముగిసినా, అధికారి నివేదికతో పాటు రైతును నేరుగా అడగాలన్న పద్ధతి ధాన్యం కొనుగోలుకూ, పంట నష్టపరిహారానికీ, విత్తనాల సరఫరాకూ అలాగే వర్తిస్తుంది.

కాకపోతే ఆ అధ్యయనంలో ఒక ఖాళీ ఉంది, అది పరిశోధకుల తప్పు కాదు. ఫోన్ చేసింది పట్టాదారులకు. జాబితా పాస్ పుస్తకాలది. అప్పుడూ ఇప్పుడూ డబ్బు వెళ్లేది పట్టాదారుకే. ఆ పొలాన్ని కౌలుకు తీసుకుని, అప్పు తెచ్చి, పత్తి పెట్టి, గులాబీ పురుగుతో కుస్తీ పట్టేవాడి పేరు ఏ జాబితాలోనూ లేదు. అందనివారు 7.8 శాతం తగ్గారన్నప్పుడు ఆ ‘అందనివారి’లో కౌలు రైతు లెక్కలోనే లేడు. 2011లో ఉమ్మడి రాష్ట్రం సాగుదారులకు గుర్తింపు కార్డులివ్వాలని చట్టం చేసింది, యజమాని ఎక్కడ హక్కు పోతుందోనని జంకడంతో అది చాలాచోట్ల కాగితం దాటలేదు.

మరి కౌలు రైతును ఏ చీటీతో ఎంచాలి? మనుషుల జాబితా లేనప్పుడు నేలను ఎంచవచ్చు. ఆ పద్ధతి మనకు కొత్త కాదు. పంట దిగుబడి లెక్కకు గణాంక సిబ్బంది దశాబ్దాలుగా చేసే పంటకోత ప్రయోగం అదే: చీటీ పద్ధతిలో ఊరు, అందులో సర్వే నంబరు, ఆ చేలో ఒక మూల తేల్చి, వరికైతే అయిదు మీటర్లు పొడవు, అయిదు మీటర్లు వెడల్పు తాడు కట్టి, కోసి, నూర్చి, తూచి రాసుకుంటారు. ఆ రోజు గట్టు మీద నిలబడి ఉండేవాడు పొలం దున్నేవాడే. ఈ భూమి నీదా, కౌలుదా, కౌలు ఎంత, ప్రభుత్వ సాయం నీ చేతికి వచ్చిందా అని అక్కడే అడిగి రాసుకుంటే, పేర్లు బయటపెట్టకుండానే జిల్లాలో ఎంత నేల కౌలులో ఉందో, సాయంలో ఎంత సాగుదారుకు చేరుతోందో ఒక్క సీజనులో అంచనా వస్తుంది. ఫారంలో నాలుగు గడులు పెంచాలి. సిబ్బంది ఎలాగూ కోతలకు వెళ్తారు.